మా అమ్మ బాకీ (వాడ లెక్కలు – 11)



ఈ భాగంలో స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానని పోయినసారి చెప్పాను. దాన్ని వచ్చే భాగానికి జరుపుతున్నా. ఎందుకంటే మొన్న సెకండియర్ క్లాసులో ఒక పిల్లవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. పాఠం మధ్యలో గుడిసెల మాట వచ్చింది, అక్కణ్ణుంచి కాలనీ ఇళ్ల మాట వచ్చింది. వాడు లేచి, "సార్, స్థలమిచ్చింది గవర్నమెంటు, అప్పిచ్చింది గవర్నమెంటు, ఆ అప్పు మాఫీ చేసిందీ గవర్నమెంటే. మీవాళ్లకి ఇంకా ఏం కావాలి సార్?" అన్నాడు.

వాడిది వెటకారం కాదు. ఇంట్లో విన్నదే అడిగాడు. కానీ "మీవాళ్లకి" అన్నప్పుడు రెండో బెంచీలో ఇద్దరు తల దించుకోవడం చూశాను. ఇంతలో బెల్లు కొట్టారు. సమాధానం సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. అడిగినవాడి కోసం కొంత, తల దించుకున్న ఆ ఇద్దరి కోసం ఎక్కువ.

సిద్ధాంతం చెప్పను. రెండిళ్ల లెక్క చెబుతా. ఒకటి నాది, రెండోది మా అమ్మది. ఒకే కుటుంబం, ఒకే కులం, ఒకే రాష్ట్రం. కష్టమొచ్చినప్పుడు ప్రభుత్వం ఆ రెండిళ్లతో ఎట్లా వ్యవహరించిందో మీరే చూడండి.

ముందు నాది.

2018లో నేను పనిచేసే టౌన్లో ఒక ఫ్లాటు కొన్నాం. ప్రైవేటు కాలేజీ ఉద్యోగం, ఏడాది జీతం 6 లక్షల లోపు. నా భార్య పేరూ నా పేరూ కలిపి బ్యాంకులో 17 లక్షల అప్పు తీశాం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో అప్పట్లో వడ్డీ రాయితీ ఉండేది. ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయమున్నవాళ్లకి, మొదటి 6 లక్షల అప్పు మీద 6.5 శాతం రాయితీ. 20 ఏళ్ల రాయితీని ఇవాళ్టి విలువకి లెక్కగట్టి ఒకేసారి అప్పు ఖాతాలో వేసేవాళ్లు. గరిష్ఠంగా 2 లక్షల 67 వేలు. మాకు అంతా వచ్చింది. నేను చేసిందల్లా బ్యాంకువాళ్లిచ్చిన ఫారాల మీద సంతకాలు పెట్టడం. ఎవరూ మా గుమ్మం ముందు నిలబెట్టి ఫొటో తీయలేదు. ఎవరి కాళ్ల దగ్గరా వంగలేదు.

ఇదే రాయితీ మధ్యతరగతికీ ఇచ్చారు. ఏడాదికి 18 లక్షల దాకా ఆదాయమున్నవాళ్లకి కూడా. అంటే నెలకి లక్షన్నర సంపాదించే మనిషి ఇంటి అప్పులోకి ప్రభుత్వం గరిష్ఠంగా 2 లక్షల 30 వేలు వేసింది. అదే కాలంలో, అదే ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో, మైదాన ప్రాంతపు పల్లెలో ఇల్లు లేని కూలి మనిషికి ఇల్లు మొత్తం కట్టుకోవడానికి ఇచ్చింది లక్షా 20 వేలు. మరుగుదొడ్డి డబ్బులూ ఉపాధి హామీ కూలీ వేరు. రాష్ట్రాలు పైన కలిపితే అదీ వేరు. 2016లో పథకం మొదలైనప్పుడు లక్షా 20 వేలే, ఇప్పటికీ లక్షా 20 వేలే. లక్షన్నర జీతగాడికి వడ్డీ భారం తగ్గించడానికి పెట్టినదాంట్లో సగం, కూలి మనిషికి పునాది నుంచి స్లాబు దాకా.

తర్వాత 2020 వచ్చింది. కాలేజీ మూతబడింది. నాలుగు నెలలు సగం జీతం. మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం ప్రకటించింది. ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించారు. కిస్తీ కట్టకపోయినా ఎగవేతదారుగా రాయకూడదన్నారు. వడ్డీ మటుకు పెరుగుతూనే ఉంది, అది ఊరికే వచ్చింది కాదు. ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ ఏమిటని సుప్రీంకోర్టులో వాదనలు నడిచాక, అక్టోబరులో కేంద్రం దిగొచ్చింది. 2 కోట్ల దాకా ఉన్న అప్పుల మీద ఆ ఆరు నెలల వడ్డీ మీది వడ్డీని తానే భరిస్తానంది. నవంబరు మొదటి వారంలో నా అప్పు ఖాతాలో వెయ్యి రూపాయల చిల్లర పడింది. పేరు ఎక్స్‌గ్రేషియా. నేను అడగలేదు, దరఖాస్తు పెట్టలేదు. 2 కోట్ల అప్పున్న మనిషికి, నాలాగే 8.5 శాతం వడ్డీ అనుకుంటే, 15 వేల పైచిలుకు పడి ఉంటుంది. ఆయనా అడిగి ఉండడు.

ఆ సాయం తప్పని నేననను. ఆ ఆరు నెలలు ఊపిరి తీసుకోనివ్వకపోతే నా ఫ్లాటు పోయేది. కష్టంలో ఉన్న ఇంటివాడికి ప్రభుత్వం ఆసరాగా నిలబడాలి. ఎట్లా నిలబడాలో ప్రభుత్వానికి బాగా తెలుసు కూడా. పరువు తీయకుండా, ఇంటి చుట్టూ తిప్పుకోకుండా, అడక్కముందే ఖాతాలో వేయడం దానికి వచ్చు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుని ముందుకు రండి.

ఇప్పుడు మా అమ్మది.

నందిగామ వైపు ఒక ఊరు మాది. ఊరి బయట కాలనీలో మా అమ్మ పేరు మీద ఇచ్చిన స్థలంలో 1990ల నడుమ కట్టిన ఇల్లు. హౌసింగ్ పథకం కింద సిమెంటు కట్టలు, ఇనుము, కొంత డబ్బు ఇచ్చారు. పునాది మా నాన్న తవ్వాడు. ఇసుక మా అమ్మ తట్టతో మోసింది. మేస్త్రి కూలికీ తలుపులకీ బయట అప్పు తెచ్చారు. ప్రభుత్వం ఇచ్చినదాంట్లో కొంత సబ్సిడీ, మిగతాది అప్పు అని కాగితంలో ఉందట. వేలిముద్ర వేసిన మా అమ్మకి ఆ సంగతి ఎవరూ చదివి చెప్పలేదు. "ప్రభుత్వం ఇల్లిచ్చింది" అన్నారు, ఆమె అదే నమ్మింది. నాయకులు ఓట్లకొచ్చినప్పుడు చెప్పిందీ అదే. మీ ఇంటికి అప్పిచ్చాం, మాకు ఓటేయండని ఏ నాయకుడూ అడగగా మేం వినలేదు.

2021 డిసెంబరులో ఆ అప్పు మా అమ్మని వెతుక్కుంటూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెల 21న తణుకులో ప్రారంభించిన పథకం పేరు జగనన్న సంపూర్ణ గృహ హక్కు. జనం నోట్లో మాత్రం ఓటీఎస్సే. 1983 నుంచి 2011 ఆగస్టు 15 దాకా హౌసింగ్ కార్పొరేషన్ దగ్గర అప్పు తీసుకున్నవాళ్లు పల్లెల్లో 10 వేలు, మున్సిపాలిటీల్లో 15 వేలు, కార్పొరేషన్లలో 20 వేలు ఒకేసారి కట్టాలి. బాకీ అంతకన్నా తక్కువుంటే ఆ తక్కువే కట్టాలి. కడితే మిగతా బాకీ మాఫీ, ఇల్లు మీ పేరున రిజిస్ట్రేషన్, 22-ఏ నిషేధిత జాబితా నుంచి విముక్తి. దాదాపు 10 వేల కోట్లు మాఫీ చేస్తున్నామని ప్రభుత్వం చెప్పుకుంది.

ఇది ఒక్క పార్టీని తిట్టే రాత కాదు. అప్పులు రాసిన ఆ 28 ఏళ్లలో తెలుగుదేశం ఏలింది, కాంగ్రెస్ ఏలింది. వసూలుకి వచ్చింది వైఎస్సార్ కాంగ్రెస్. జెండాలు మారాయి. మా అమ్మ బాకీ మారలేదు.

సచివాలయం నుంచి ఒకాయన కాలనీకొచ్చాడు. మా అమ్మ పేరు మీద అసలూ వడ్డీ కలిపి 30 వేలు దాటిందని, 10 వేలు కడితే పోతుందని చెప్పాడు. కట్టకపోతే? ఆయన సూటిగా ఏమీ అనలేదు. పెన్షన్ ఆపుతారన్న మాట మాత్రం అప్పటికే కాలనీలో ఇల్లిల్లూ తిరిగింది. మా ఊళ్లోనే కాదు, ఇట్లాంటి భయం చాలా ఊళ్లలో లేచింది. గొడవ పెద్దదయ్యాక ఇది పూర్తిగా స్వచ్ఛందమని, ఎవరినీ బలవంతం చేయడం లేదని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రకటన టీవీలో వచ్చింది. మా అమ్మ దగ్గరికి వచ్చింది టీవీ కాదు, సచివాలయం మనిషి. ఆమె వితంతు పెన్షన్ మీద బతికే మనిషి.

మా అమ్మ 10 వేలు కట్టింది. ఎక్కడ తెచ్చిందో నాకు చెప్పలేదు. 2023 సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కింటి పెద్దమ్మ నోరు జారింది. ఏ కామందు చేలో పత్తి తీస్తుందో, మిరపకాయలు కోస్తుందో, ఆ కామందు దగ్గరే మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకి 300. పదమూడు నెలల్లో 3,900 కూలి డబ్బుల్లోనే పట్టుకున్నాడు. మిరపకోతకి రోజుకి 300 వేసుకున్నా పదమూడు రోజుల కూలి. అసలు 10 వేలు అట్లాగే ఉంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అరిచాను.

"నీకూ ఇంటప్పు ఉండె గదా నాయనా. నీ నెత్తినెందుకు బెట్టేదని" అంది.

ఆ రోజు రాత్రి నేను నిద్రపోలేదు. నా కష్టం చూసి ప్రభుత్వం నా ఖాతాలో వెయ్యి రూపాయలు వేసింది. ఏడాది దాటాక, అదే కరోనాలో పనులు పోయిన మా అమ్మ దగ్గర 10 వేలు తీసుకుంది. 2 కోట్ల అప్పున్నవాడికి 15 వేలు ఇచ్చిన దేశంలో, ఒక గదీ ఒక వసారా ఉన్న మా అమ్మ 13,900 కట్టింది. నాది కేంద్రం, అమ్మది రాష్ట్రం, రెండూ వేరు కదా అని ఎవరైనా అనొచ్చు. కట్టేవాళ్లకి ప్రభుత్వం ఒకటే. పైగా మా ఇద్దరిలో మారటోరియం దొరికింది నాకొక్కడికే. కామందు వడ్డీకి మారటోరియం ప్రకటించే రిజర్వు బ్యాంకు ఇంకా పుట్టలేదు.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర కాసేపు ఆగుతా. బ్యాంకు అప్పున్నవాడికి వచ్చేది రాయితీ, మినహాయింపు, ఎక్స్‌గ్రేషియా. ఆ మాటల్లో తీసుకునేవాడు ఎక్కడా చిన్నబోడు. పాత పన్ను విధానంలో సొంతింటి అప్పు వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. ఆ మినహాయింపు పొందినవాణ్ణి ఏ ఆఫీసూ లబ్ధిదారు అనదు. మా అమ్మ మాత్రం లబ్ధిదారు. ఆమెకి వచ్చేది పథకం, మాఫీ. మాఫీ అంటే క్షమాపణ. ఏ తప్పు చేసిందని ఆమెని క్షమించారు? పైగా పథకం పేరులో హక్కు అని ఉంది. హక్కుకి పల్లెలో ఒక రేటు, మున్సిపాలిటీలో ఒక రేటు, కార్పొరేషన్లో ఒక రేటు.

ఇక్కడ మా క్లాసు పిల్లవాడు లేచి నిలబడతాడని నాకు తెలుసు. "పది వేలకి రిజిస్టరైన కాగితం వచ్చింది కదా సార్. ఇప్పుడు బ్యాంకులో లోను తీసుకోవచ్చు కదా." ప్రభుత్వం కూడా సరిగ్గా ఈ మాటే చెప్పింది. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మకీ ఆ కాగితమంటే ఇష్టమే. ట్రంకుపెట్టెలో మా నాన్న ఫొటో కింద పెట్టుకుంది. కాగితం లేని ఇల్లు ఎప్పుడు పోతుందోనన్న భయం వాడలో పుట్టినవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ఆ కాగితాన్ని నేను తక్కువ చేయను.

ఆ కాగితంతో ఏం జరిగిందో వినండి. మా ఇంటి స్లాబు పెచ్చులూడుతోంది. లోపలి ఇనుము తుప్పుపట్టి బయటికి కనిపిస్తోంది. వానొస్తే మంచం మూలకి జరుపుకోవాలి. కొత్త ఇల్లు పెట్టుకుందామంటే, గతంలో ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదన్నది షరతు. కంప్యూటర్లో ఆమెకి పక్కా ఇల్లుంది. సరే, బాగు చేయించుకోవడానికి రెండు లక్షలు అప్పు అడుగుదామని 2023 వేసవిలో ఆ కాగితం తీసుకుని అమ్మా నేనూ టౌన్లో ఒక బ్యాంకుకి వెళ్లాం. మేనేజరు మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, కాగితం చదివాడు. తర్వాత నాతో మెల్లగా, "సార్, మీకు తెలియంది కాదు. కాలనీ ఇల్లు. రేపు వేలం వేయాల్సి వస్తే ఎవరు కొంటారు?" అన్నాడు.

మిత్రులారా, ఈ ఒక్క వాక్యం కోసమే ఇంత రాశాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఊళ్లోవాళ్లు మాలపల్లెలో, మాదిగపల్లెలో ఇల్లు కొనరు. అద్దెకి కూడా దిగరు. కొనే మనిషి లేని ఇంటికి ధర ఉండదు, ధర లేని ఇంటికి అప్పు ఉండదు. నా ఫ్లాటు గోడలకి కులం పేరు లేదు కాబట్టి దానికి విలువ కట్టారు. ఆ విలువ మీద అప్పు, ఆ అప్పు మీద రాయితీ, మారటోరియం, ఎక్స్‌గ్రేషియా వరసగా వచ్చాయి. మా అమ్మ ఇంటికి మొదటి మెట్టులోనే తలుపు పడింది. ఈ దేశంలో కష్టంలో ఉన్న ఇంటివాడికి అందే పెద్ద సాయమంతా ఇంటిని చూసి రాదు. ఇంటి మీదున్న బ్యాంకు అప్పును చూసి వస్తుంది. ఆ అప్పు పుట్టాలంటే ఆ వీధికి ధర ఉండాలి. వీధి ధరని తేల్చేది కులం. చట్టంలో ఎక్కడా కులం పేరు లేకుండానే సాయం కులాన్ని బట్టి పంపిణీ అయిపోతుంది.

నేను రిజర్వేషన్‌లో చదివి, డాక్టరేటు చేసి, వాడ దాటి టౌన్లోకి వచ్చాను కాబట్టి ఆ వరసలో నిలబడగలిగాను. నాకొచ్చిన 2 లక్షల 67 వేలు నా కష్టఫలితమని కొన్నాళ్లు నేనూ అనుకున్నాను. మనలో ఉద్యోగాలొచ్చినవాళ్లం చాలామందిమి అట్లాగే అనుకుంటాం. ఈ లెక్క మనం కూడా వేసుకోవాలి.

మరి తెలంగాణలో బాగుందా? ఖమ్మం జిల్లాలో, మధిర వైపు మా పిన్ని ఉంది. ఇందిరమ్మ ఇళ్లలో ఆమె పేరు వచ్చింది. 5 లక్షలు, నాలుగు విడతలు. లక్షా 20 వేలతో పోలిస్తే ఇది చాలా నయం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 2023 ఆగస్టు 26న చేవెళ్ల సభలో కాంగ్రెస్ ప్రకటించిన ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్లో ఇంటికి 6 లక్షలన్నారు. ఆ ఆరో లక్ష మా పిన్ని దాకా రాలేదు. అదట్లా ఉంచండి. బేస్‌మెంటు లేచి, దాని ఫొటో ఎక్కితేనే మొదటి లక్ష పడుతుంది. బేస్‌మెంటు దేంతో లేపాలి? చేతిలో లక్ష ఉన్న మనిషి ఆ పథకంలోకి ఎందుకొస్తుంది? మా పిన్ని ఉన్న గుడిసె పీకి, లక్ష అప్పు తెచ్చింది. మూడు రూపాయల వడ్డీ. నెలకి 3 వేలు. బిల్లు రెండు నెలలు ఆలస్యమైతే 6 వేలు ఎగిరిపోతాయి. ఇల్లు లేచేలోపల ప్రభుత్వ సాయంలో ఒక వాటా వడ్డీ వ్యాపారికి చేరుతుంది. నా బ్యాంకు రాయితీ మాత్రం ముందే, ఒకేసారి వచ్చింది. ఏ ఇంజినీరూ నా ఫ్లాటు ముందు నిలబడి ఇంకా కిటికీలు పెట్టలేదని నా డబ్బు ఆపలేదు.

ఆంధ్రలో 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం ఆగిపోయిన ఇళ్లు పూర్తి చేసుకోవడానికి ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకి లక్ష అదనంగా ప్రకటించింది. మంచిదే. ముందిచ్చిన లక్షా 80 వేలు చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. మరి అది చాలక అప్పులపాలైనవాళ్ల అప్పు సంగతేమిటి?

"మా పన్నులతో మీకు ఇళ్లు" అనే మాట కూడా మన పిల్లలు హాస్టళ్లలో, క్లాసుల్లో వింటున్నారు. వాళ్లకి ఒకటే చెప్పండి. 2025 సెప్టెంబరు దాకా సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం. ఇప్పుడు 18. ఇల్లు కట్టుకునే కూలి మనిషి కొన్న ప్రతి కట్టకీ ఆ పన్ను కట్టింది. ఆమెకి ఆ పన్నులో మినహాయింపు లేదు, ఫారం పదహారు లేదు. ఒక చేత్తో ఇచ్చిన సాయంలోంచి ఇంకో చేత్తో పన్ను తీసుకున్నారు.

బాబాసాహెబ్ 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో దళితులకి ప్రత్యేక ఆవాసాలు కావాలని, అందుకొక సెటిల్‌మెంట్ కమిషన్ వేయాలని, సాగుకి ప్రభుత్వ బంజర్లు ఇవ్వాలని అడిగాడు. ఊరి చివర ఇల్లు, ఊరివాళ్ల భూమి మీద కూలి ఉన్నంతకాలం మనిషికి విడుదల లేదన్నది ఆయన లెక్క. ఆయన అడిగినదాంట్లోంచి భూమిని తీసేసి, విడుదలని తీసేసి, ఊరి చివర ఇల్లొక్కటి మనకి మిగిల్చారు. ఆ ఇంటి బాకీ తీర్చడానికి కూడా మా అమ్మ తిరిగి కామందు దగ్గరికే వెళ్లింది.

కాబట్టి "మీవాళ్లకి ఇంకా ఏం కావాలి" అన్న ప్రశ్నకి నా సమాధానం ఇది. నాకిచ్చిందే మా అమ్మకీ కావాలి. అంతకన్నా ఒక్క పైసా ఎక్కువ అడగడం లేదు.

విడిగా చెబుతున్నా, రాసుకోండి. ఓటీఎస్ కింద ఎస్సీ, ఎస్టీ కుటుంబాల దగ్గర తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి. కట్టనివాళ్ల పాత బాకీ ఏ షరతూ లేకుండా కొట్టేసి, కాగితం ఇంటికి తెచ్చివ్వాలి. కొత్త ఇళ్లకి మొదటి విడత పునాదికి ముందే, అడ్వాన్సుగా పడాలి. బిల్లు ఆలస్యమైతే ఆ ఆలస్యానికి వడ్డీ ప్రభుత్వం కట్టాలి. నా వడ్డీ మీది వడ్డీ కట్టిన ప్రభుత్వానికి అదేమీ కొత్త విద్య కాదు. పాత కాలనీ ఇళ్లని కంప్యూటర్లో కాదు, స్లాబు కింద నిలబడి చూసి, కూలేవాటికి మరమ్మతు డబ్బు ఇవ్వాలి. రుణం కాదు, గ్రాంటు. కాలనీ ఇంటికి విలువ లేదని బ్యాంకు అంటే ఆ అప్పుకి ప్రభుత్వం హామీ ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చుకున్న ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం దేనికుంది, ఇందుకు కాకపోతే?

విద్యార్థి మిత్రులకి ఒక పని. ఈ సెలవులకి ఇళ్లకి వెళ్లినప్పుడు మీ అమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి ఇంటి లెక్క రాయండి. ఏ సంవత్సరం కట్టారు, ప్రభుత్వం ఎంతిచ్చింది, బయట ఎంత తెచ్చారు, ఏ వడ్డీకి, ఓటీఎస్‌కి ఎంత కట్టారు, ఆ డబ్బు ఎక్కడిది. పేర్లొద్దు, అంకెలు చాలు. సంఘాల మిత్రులు కాలనీల వారీగా వీటిని కూడగట్టండి. కలెక్టరాఫీసు ముందు నినాదంతో పాటు ఈ లెక్కల పుస్తకం కూడా పెడదాం.

కామందు బాకీ 10 వేలు ఆ సంక్రాంతికే కట్టేశాను. ఆయన డబ్బు లెక్కపెట్టుకుని, "కొడుకు ప్రయోజకుడయ్యాడే" అన్నాడు మా అమ్మతో. ఆమె సంతోషంగానే నవ్వింది. నాకు మాత్రం ఆ బాకీ తీరినట్టు లేదు. అది మా అమ్మ ప్రభుత్వానికి ఉన్న బాకీ కాదు. ప్రభుత్వం మా అమ్మకి ఉన్న బాకీ.

వచ్చే భాగంలో స్కాలర్‌షిప్పులు, ఈసారి తప్పకుండా.

జై భీమ్.